ప్రళయం నాడు తోడు అడిగినవాడు

శంఖవాటిక నగరానికి మూడు పక్కల పాలరాతి కోట, నాలుగో పక్క గద్దలకొండ. కోటగోడల నిండా పొదిగిన శంఖాలు సూర్యుడు నడినెత్తికి రాగానే ఒక్కసారి మెరుస్తాయి. ఎడారి దాటి వచ్చే బాటసారులకు అప్పుడా నగరం నురగలు కక్కుతున్న సముద్రంలా కనిపిస్తుంది. బురుజుల మీద నెమళ్ళు, మేడలకు పగడపు తోరణాలు, గాలి వీస్తే వాటంతటవే మోగే పంచలోహపు గంటలు. ఆ గంటల నాలుకలకు ఆ రోజు గుడ్డలు చుట్టి ఉన్నాయి. సింహద్వారం బార్లా తెరిచి ఉంది. ద్వారపాలకుడు బల్లెం పక్కన పడేసి, నేలమీద కాళ్ళు చాపుకుని పనస తొనలు తింటున్నాడు.

"ఎవరు నువ్వు?" అన్నాడు తలెత్తకుండానే.

"గాజుల సెట్టినండి. పేరు పాపయ్య," అన్నాడు వచ్చినవాడు, భుజాన గాజుల వరుసల మలారం సర్దుకుంటూ.

"ఇవాళా రావడం? పొద్దుగూకగానే లోకమే ఉండదు. గాజులు ఎవరికి తొడుగుతావు?"

"పొద్దుగూకేదాకా చేతులుంటాయి కదండీ."

ద్వారపాలకుడు పెద్దగా నవ్వి ఒక తొన అందించాడు. "తిను. మా వైద్యుడు ఆరేళ్ళుగా నన్ను పనస ముట్టనివ్వలేదు. ఈవేళ ఆయనే కాయ మోసుకొచ్చి కోసి పెట్టాడు. ఎందుకు పెట్టాడా అని అదొకటి అనుమానంగా ఉంది."

గాజుల సెట్టి తొన తీసుకుని లోపలికి నడిచాడు. నిజానికతను మణిమంథ రాజ్యపు యువరాజు ప్రద్యోతుడు. మలారంలో గాజుల వరుసల కింద అతని పొట్టి కత్తి ఉంది. ఇరవై రోజుల కిందట అక్కను చూడడానికి కీరవతి నగరానికి వెళ్ళాడు. ఎనిమిది వేల ఇళ్ళ ఊరది. ఒక్క తలుపుకూ గడియ లేదు. ఒక్క పొయ్యిలోనూ నిప్పు లేదు. శవం లేదు, రక్తపు చుక్క లేదు, మనిషి లేడు. అక్క మేడ గోడమీద మాత్రం ఒక బూడిద చెయ్యి ముద్ర కనిపించింది. ఆ ముద్ర ఎవరిదా అని వెతుక్కుంటూ అతను ఇక్కడికి చేరాడు.

శంఖవాటికలో ఇప్పుడు గోడగోడకీ ఆ ముద్రే ఉంది.

మూడు నెలల కిందట ప్రళయానంద సిద్ధుడనేవాడు వచ్చి గద్దలకొండ మీద మకాం పెట్టాడట. జ్యేష్ఠ అమావాస్యనాడు సూర్యుడు కుంగే వేళకు భూమి నీళ్ళలో ఉప్పురాయిలా కరిగిపోతుందని చాటించాడు. తన తీర్థం పుచ్చుకున్నవాళ్ళు నొప్పి తెలియకుండా ముక్తి పొందుతారట. అందుకు మూడు నియమాలు: మధ్యాహ్నానికి ప్రతి ఇంటా పొయ్యి ఆర్పాలి, ఇంటికి గడియ వేయకూడదు, ఆయుధం ముట్టకూడదు. ఒంటినిండా విభూతి పూసుకున్న అతని శిష్యులు ఇద్దరిద్దరుగా తిరిగి పొయ్యిల్లో చేతులు పెట్టి చూస్తున్నారు. వాళ్ళను ఊరంతా బూడిదగాళ్ళంటోంది.

చివరి రోజని చెప్పినంత మాత్రాన మనుషులకు కొత్త పనులు తోచవు. ఒకావిడ వీధి అరుగు మీద కూర్చుని ఇత్తడి బిందెలు చింతపండు పెట్టి తోముతోంది. "ప్రళయమైతే మాత్రం, పాచి గిన్నెలు వదిలేసి పోతామా?" అంటోంది. ఇంకొకావిడ ఆవకాయ జాడీ గుమ్మంలోకి తెచ్చి దారిన పోయేవాళ్ళకల్లా పంచుతోంది. పక్కింటావిడ ప్రద్యోతుణ్ణి ఆపి మరీ చెప్పింది: "అది నిరుటిది నాయనా. కొత్తది అటకమీదే ఉంది. ఇంకా ఎవరి కోసం దాచుకుందో!"

ఒక ఇంటి ముందు అత్తగారు తాళాల గుత్తి కోడలి చేతిలో పెట్టబోతోంది. కోడలు చేతులు వెనక్కి లాక్కుంది. "ఇరవై ఏళ్ళు ఇవ్వనివి ఇవాళెందుకత్తా? పెట్టెలో ఏముందో ముందు మీరే తీసి చూపించండి."

ఇంకో అరుగు మీద ఒక మొగుడు పెళ్ళాం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పోయే ముందు నిజం చెప్పాలన్నారు స్వామి. నీ వంట నాకెప్పుడూ నచ్చలేదే."

"నాకూ నచ్చేది కాదు. నువ్వు లొట్టలేసుకుని తింటున్నావని అలాగే వండాను," అంది ఆవిడ.

ప్రద్యోతుడు నవ్వలేదు. అతను అందరి చేతులూ చూసుకుంటూ వెళ్తున్నాడు. బూడిదగాళ్ళ అరచేతుల్లో కాయలు కాచి ఉన్నాయి. జపమాల తిప్పితే వచ్చే కాయలు కావవి.

కొండ మొదట్లో పాలవాళ్ళ వీధి. చివరింట్లో సూరాంబ అనే యాభై ఏళ్ళ మనిషి పది గేదెలతో ఊరికంతటికీ పాలూ పెరుగూ పోస్తుంది. మలారం చూడగానే ఆమె కోడలు నీలవేణి గుమ్మంలోంచి పిలిచింది. నిండు చూలాలు.

"నాలుగు పచ్చ గాజులు తొడుగు సెట్టీ. సీమంతానికి వేసినవి చిట్లిపోయాయి."

ప్రద్యోతుడు కూర్చుని ఆమె చెయ్యి అందుకున్నాడు. మొదటి గాజు పగిలింది. రెండోదీ పగిలింది. నీలవేణి కిసుక్కున నవ్వింది. గుంజకు ఆనుకుని చూస్తున్న సూరాంబ మాత్రం నవ్వలేదు.

"ఏ ఊరి సెట్టివి నాయనా?"

"కీరవతి అమ్మా."

"గాజులు తొడిగేవాడు ముందు చెయ్యి పిసికి వేళ్ళు దగ్గరికి తెస్తాడు. మన ముఖంలోకి చూస్తూ కబుర్లు చెబుతూ ఉండగానే గాజు ఎక్కిపోతుంది. నువ్వు ఒరలోకి కత్తి దోపినట్టు దోపుతున్నావు." సూరాంబ అప్పటికే వాకిలికీ అతనికీ మధ్యకు వచ్చి నిలబడింది. చేతిలో మూరెడు టేకు కవ్వం ఉంది. "ఆ మలారం కింద ఏముందో తీసి చూపించు. చూలాలి చెయ్యి వదిలి మరీ చూపించు."

ఇక దాచి లాభం లేదని ప్రద్యోతుడికి తెలిసింది. కత్తి తీసి నేలమీద పెట్టి, కీరవతిలో చూసిందంతా చెప్పాడు. సూరాంబ కవ్వం దించలేదు.

"సిద్ధుడు మూడు నెలల కిందట వచ్చి ఒకటి చెప్పాడు. నువ్వు ఇప్పుడొచ్చి ఇంకొకటి చెబుతున్నావు. ఎవరి మాట నమ్మమంటావు?"

"నన్ను నమ్మకండమ్మా. కొండ మాత్రం ఎక్కకండి."

"ఎక్కకపోతే ఎలా?" అంది నీలవేణి. "మా ఆయన అక్కడే ఉన్నారు. నిన్న పాలు పోయడానికి వెళ్ళి ఇంటికి రాలేదు. సాయంత్రానికి ఇద్దరినీ రమ్మని కబురు పంపారు. ఆ కబురు కూడా ఎవరో బూడిదగాడితో."

సూరాంబ ముఖం తిప్పుకుంది. "నా కొడుకు భీమన సంగతి నాకు తెలుసు. వాడు గేదె ఈనితే కూడా పెళ్ళానికి తనే వచ్చి చెబుతాడు. వాణ్ణి ఇంటికి తెచ్చుకుంటే చాలు నాకు. ఆ తరవాత లోకం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది."

అంతలో పెరటి వైపు నుంచి కేక వినిపించింది. "సూరాంబక్కా!"

ప్రద్యోతుడు కత్తితో సహా తలుపు చాటుకు తప్పుకున్నాడు. వచ్చినవాడు కొండమీది వంటవాడు బొల్లయ్య. ఒళ్ళంతా బూడిద, వేళ్ళకు మాత్రం పసుపు. చేతిలో చిన్న ముంత ఉంది.

"ఇంత తోడు పెట్టక్కా. మాది పులిసి వాసనొచ్చింది."

"ఎన్ని పాలకి?"

"నాలుగు గుండిగలు."

సూరాంబ ఉట్టిమీది దుత్త దించి, ముంతలో నాలుగు గరిటెల పెరుగు వేసింది. పాలు తోడుకోవడానికి చుక్క పెరుగు అడిగితే శంఖవాటికలో ఏ ఇల్లాలూ లేదనదు. పగవాళ్ళింటికైనా పెడుతుంది. పట్టుకెళ్ళినవాళ్ళు మర్నాడు పొద్దున్నే కొత్త పెరుగులోంచి అంతే తెచ్చి అదే ఇంట్లో ఇచ్చి వెళ్ళాలి. తాతల నాటి నుంచీ అదే పద్ధతి. బొల్లయ్య ముంతమీద ఆకు కప్పుకుని చక్కా పోయాడు.

సూరాంబ దుత్త ఉట్టిమీద పెట్టబోయి ఆగిపోయింది.

"ఈ పూట తోడు వేస్తే పెరుగు తినేది రేపు," అంది మెల్లగా.

"అలవాటు కొద్దీ అడిగాడేమో అత్తా," అంది నీలవేణి.

"అలవాటు కొద్దీ నేనూ పెట్టాను. కానీ అలవాటు కొద్దీ ఎవడూ నాలుగు గుండిగల పాలు కాచుకోడే. నూటయాభై మంది మగవాళ్ళు కడుపునిండా కలుపుకు తినే పెరుగది." ఆమె ప్రద్యోతుడి వైపు తిరిగింది. కవ్వం దించింది. "పెళ్ళింట్లో ఎంతమంది దిగుతారో పెళ్ళివారి కంటే ముందు వంటవాడికి తెలుస్తుంది నాయనా. రేపు ఈ ఊళ్ళో భోంచేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు మాత్రం మేము కాదు."

ఆ మాట పూర్తయ్యేలోపే వీధి తలుపు తోసుకుని ఒక బూడిదగాడు లోపలికి వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. ఎవరి వైపూ చూడకుండా వంటింట్లోకి వెళ్ళి, వంగి పొయ్యిలో చెయ్యి పెట్టాడు. నీలవేణికి ఏ క్షణాన నొప్పులొస్తాయో, వేణ్ణీళ్ళు కావాలని సూరాంబ బూడిద కింద నాలుగు పిడకల నిప్పు దాచింది.

వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ప్రళయాన్ని నమ్మవా ముసలీ?"

"పొయ్యి ఆర్పితే చల్లారడానికి పూట పడుతుంది నాయనా, నీకు వంట తెలియదు."

వాడు నడుముకు చుట్టిన గుడ్డలోంచి వంకీ కత్తి దూశాడు. ఆయుధం ముట్టకూడదన్న నియమం ఊరికేగాని తమకు కాదన్నమాట! నీలవేణి కెవ్వున అరిచింది. ప్రద్యోతుడు తలుపు చాటునుంచి దూకి మలారంతో వాడి మోచేతిని కొట్టాడు. గాజులు వానలా రాలాయి. వంకీ కత్తి మెరుపులా తిరిగి ప్రద్యోతుడి భుజాన్ని గీరుకుంటూ పోయి గుంజలో దిగబడింది. వాడు కత్తి ఊడబెరుక్కునేలోపు సూరాంబ పాలగుండిగ మూత రెండు చేతులా ఎత్తి నడినెత్తిన మోదింది. మనిషి నిలువునా కూలాడు.

"పలుపు తాడు తే, నీలా," అంది, రొప్పుతూ. "గేదెకు వేసే ముడి వెయ్యి. అది విప్పుకోవడం గేదెకే చేతకాదు."

గడియ తిరక్కముందే ప్రద్యోతుడు బూడిదగాడి గుడ్డ కట్టుకుని, వాళ్ళ పొయ్యిలోని బూడిదే ఒంటినిండా పూసుకున్నాడు. సూరాంబ మడి చీర కట్టుకుని, కొప్పు ముడిచి, కొండెక్కేవాళ్ళందరి లాగే తయారైంది. నీలవేణి ఏడవలేదు. వాళ్ళు గుమ్మం దాటగానే లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. ఊరంతటిలో ఆ రోజు గడియ పడిన తలుపు అదొక్కటే.

కొండ మెట్ల మీద జనం చీమల బారులా కదులుతున్నారు. ఒకాయన పంజరంతో సహా చిలకను తెచ్చుకున్నాడు. ఒక ముసలావిడ, ఎవరి ఎంగిలిదో తాగనంటూ తన రాగి గ్లాసు వెంట తెచ్చుకుంది. పైకెక్కేకొద్దీ ఆకాశం రంగు మారుతోంది. పడమటి దిక్కంతా కాగిన రాగిలా ఎర్రబారింది. నల్లని మేఘాలు కొండ వెనకనుంచి సుడులు తిరుగుతూ లేస్తున్నాయి. చూసినవాళ్ళు చెంపలు వేసుకుంటున్నారు.

"పచ్చి గడ్డి తగలబెట్టిన వాసన," అంది సూరాంబ ముక్కు చిట్లించి. "దోమలకు రోజూ నేను పెట్టే పొగే."

శిఖరం మీద నల్లరాతి వేదిక. దాని నాలుగు మూలలా నోళ్ళు తెరిచిన రాతి గద్దలు, వాటి కళ్ళలో మండే కెంపులు. నడుమ పులితోలు మీద ప్రళయానంద సిద్ధుడు, మెడలో ఎముకల దండ, చేతిలో పాము పడగలాంటి దండం. అతని ముందు నిలువెత్తు రాగి కాగులో పసుపుపచ్చని తీర్థం పొగలు కక్కుతోంది. వెనక ముక్తిద్వారమనే కొండబిలం. తీర్థం పుచ్చుకున్న నలభైమంది బిలానికి ఎదురుగా, చేతులు వేలాడేసుకుని, వరుసగా నిలబడి ఉన్నారు. కాగు పక్కన గరిటె పట్టుకుని తీర్థం పోస్తున్నవాడు భీమన.

వరుసలో సూరాంబ వంతు వచ్చింది. ప్రద్యోతుడు బూడిదగాళ్ళలో కలిసి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

"దోసిలి పట్టమ్మా," అన్నాడు భీమన.

"నీలవేణి రాలేదురా."

"దోసిలి పట్టమ్మా."

"నొప్పులొస్తున్నాయిరా దానికి!" అని అబద్ధమాడింది సూరాంబ.

"దోసిలి పట్టమ్మా."

ఒక ఈగ భీమన కంటిరెప్ప మీద వాలింది. రెప్ప కదలలేదు. కొడుకు గరిటె పట్టేముందే ఆ తీర్థం తాగేశాడని సూరాంబకు తెలిసిపోయింది. ఆమె దోసిలి పట్టలేదు. సిద్ధుడి వైపు తిరిగి, పాలవీధిలో పిలిచే గొంతుతో అడిగింది.

"స్వామీ! మధ్యాహ్నం మీ వంటాయన నాలుగు గుండిగల పాలకని మా ఇంట్లోంచి తోడు పట్టుకొచ్చాడు. మళ్ళీ ఎప్పుడు తెచ్చిస్తాడో!"

వేదిక వెనక వంటపాకలోంచి బొల్లయ్య, గుండిగ కడుగుతూ, తలెత్తకుండా బదులిచ్చాడు. "రేపు తెల్లారగానే తెచ్చి ఇస్తానక్కా! నీది ఉంచుకుంటానా?"

రాగి గ్లాసు ముసలావిడ గ్లాసును నెమ్మదిగా బొడ్లో దోపుకుంది.

"రేపంటున్నాడేమిటి?"

"తెల్లారగానేనట!"

"మూఢుడు వాడు! ప్రళయభయంతో వాడికి మతి పోయింది!" అని సిద్ధుడు దండం ఎత్తాడు.

బిందెలు తోముకున్న ఆవిడ వరుసలోంచి ముందుకొచ్చింది. ఆవిడకు భయం కన్నా కోపం ఎక్కువగా ఉంది. "మా అందరి పొయ్యిలూ ఆర్పించావు కదయ్యా, మరి నీ పొయ్యిమీద నాలుగు గుండిగల పాలు ఎలా కాగాయి?"

అంతే. వరుస విరిగింది. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని మెట్లవైపు పరుగెత్తారు. మగవాళ్ళు దొరికిన రాయి అందుకున్నారు. బూడిదగాళ్ళు ముసుగు వదిలి కత్తులు దూశారు. ప్రద్యోతుడు మొదటివాడి మణికట్టు నరికి, రెండోవాణ్ణి కాగు మీదికి తోశాడు. కాగు ఒరిగి తీర్థం వేదికంతా పారింది. అది తగిలిన చోటల్లా రాళ్ళ సందుల్లోని గడ్డి తల వాల్చేసింది. చిలక పంజరం దొర్లుకుంటూ పోతోంది. కొండ వెనకనుంచి నూరుమంది సాయుధులు వంటపాక మీదుగా ఎగబడ్డారు. కానీ మెట్లనిండా జనం తిరగబడి ఉన్నారు. శంఖవాటిక చేజారిందని సిద్ధుడికి అర్థమైంది.

"ఈ నలభైమంది చాలు! గనిలో పని ఆగకూడదు!" అని గర్జించి, ఎముకతో చేసిన బాకా ఊదాడు. దండంతో నేలను కొట్టాడు. మరుక్షణం అక్కడ మనిషి లేడు. రెండు తాటిచెట్ల పొడవు రెక్కలున్న గద్ద ఒకటి పొగ చీల్చుకుంటూ కొండ అవతలికి ఎగిరిపోయింది.

బాకా వినగానే నలభైమందీ ఒక్కసారి అడుగు వేశారు. భీమన గరిటె వదిలేసి వాళ్ళ వెనక నడిచాడు. బిలం పైనుంచి బండరాతి తలుపు గరగరమంటూ దిగడం మొదలైంది.

"భీమనా!" సూరాంబ పరుగెత్తి కొడుకు చెయ్యి పట్టుకుంది. వాడు ఆగలేదు. ఆమెను ఈడ్చుకుంటూనే నడిచాడు. బిలం దగ్గర ఇద్దరు కాపలావాళ్ళు ఆమె ఛాతీకి కత్తులు అడ్డం పెట్టారు.

"తీర్థం తాగనివాళ్ళకు లోపలికి దారి లేదు."

ప్రద్యోతుడు నలుగురు శత్రువుల మధ్యనుంచి అది చూశాడు. "అమ్మా! వద్దు! వాణ్ణి నేను తెస్తాను, ఆగండి!"

సూరాంబ ఒక్కసారి అతని వైపు తిరిగింది. ఆ చూపులో నమ్మకముందో లేదో అతనికి తెలియలేదు. కింద పడ్డ గరిటెలో అడుగంటిన తీర్థం ఒక గుక్కెడు మిగిలి ఉంది. ఆమె దాన్ని ఎత్తి నోట్లో పోసుకుంది. కాపలావాళ్ళు ఆమె ముఖంలోకి చూశారు. రెప్ప వేయకుండా ఆమె వాళ్ళను చూసింది. ఈగలు వాలినా ఆ రెప్ప కదలలేదు. కత్తులు పక్కకు తప్పుకున్నాయి. చేతులు వేలాడేసుకుని, కొడుకు వెనక, అందరితో కాలు కలిపి ఆమె చీకట్లోకి నడిచింది.

రాతి తలుపు నడుము ఎత్తుకు దిగింది. తరవాత మోకాలెత్తుకు. ప్రద్యోతుడు అడ్డం వచ్చినవాణ్ణి భుజంతో పడదోసి, కత్తి పళ్ళ మధ్య కరుచుకుని, బండ కిందుగా లోపలికి దొర్లాడు. బండ అతని మడమను రాసుకుంటూ నేలకు ఆనింది. బయటి కేకలు తెగిపోయాయి.

లోపల ఎక్కడో లోతున ఒక ఎర్రని దీపం ఊగుతోంది. ప్రద్యోతుడు గోడకు కరుచుకుని నిలబడ్డాడు. ఆమె మింగిందా? పుక్కిట పట్టి ఉంచిందా? పిలిస్తే కాపలావాళ్ళు వింటారు. పిలవకపోతే తెలియదు. ముందు నడుస్తున్న అడుగుల చప్పుడుకు చెవి ఒగ్గాడు. ఒక్క అడుగు తడబడితే చాలు, ఒక్కటి వెనకబడితే చాలు, ఆమె మింగలేదని తెలుస్తుంది అనుకున్నాడు.

అన్ని అడుగులూ ఒక్క అడుగులా పడుతున్నాయి. అలాగే లోతుకు, ఇంకా లోతుకు దిగిపోతున్నాయి. ప్రద్యోతుడు కత్తి చేతిలోకి తీసుకుని, ఆ చప్పుడులో తన అడుగు కలిపాడు.